పలక కంటే ముందు పళ్లెం

(సొసైటీ వార్షిక సమావేశంలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ వేదిక మీద మేము పదో తరగతి ఫలితాలు చదివి వినిపిస్తాం. మీరు సంతోషిస్తారు, మేమూ సంతోషిస్తాం. ఈసారి కార్యదర్శి గారు శిశు విభాగం గురించి మాట్లాడమన్నారు. అంటే ఒకటిన్నర ఏడు నుంచి మూడున్నర ఏళ్ల లోపు పిల్లలు. వాళ్లకు మార్కులు లేవు, ర్యాంకులు లేవు. మీకు చూపించడానికి మా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. అందుకని వాళ్లు తినే అన్నం గురించి, ఆ అన్నం తయారీలో వాళ్ల చిన్న చేతులు చేయగల పని గురించి నాలుగు మాటలు చెబుతాం.

మన ఇళ్లలో చాలాచోట్ల బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా వేడుక చేసే ఆనవాయితీ ఉంది. కొత్త బట్టలు తొడిగి, పెద్దల ముందు కూర్చోబెట్టి, మొదటి అక్షరం చెప్పించి, మిఠాయి పంచుతాం. మంచి ఆచారం. కానీ ఆ బిడ్డ అంతకు మూడేళ్ల ముందు నుంచే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటున్నాడు. అక్షరానికి ముందు అనే బిస్మిల్లా కంటే ముద్దకు ముందు అనే బిస్మిల్లా మొదట వస్తుంది. పలక కంటే ముందు పళ్లెం వస్తుంది. చదువు అక్కడే మొదలవుతుందని మేము ఆలస్యంగా తెలుసుకున్నాం. ఎలా తెలుసుకున్నామో ముందు చెప్పాలి, ఎందుకంటే అందులో మా తప్పు ఉంది.

శిశు విభాగం తెరిచిన మొదటి ఏడాది, మధ్యాహ్న భోజనం ఇరవై నిమిషాల్లో ముగిస్తున్నామని మేము గొప్పగా చెప్పుకునేవాళ్లం. పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, మేమూ ఆయమ్మా కలిసి గబగబా ముద్దలు పెట్టేసేవాళ్లం. కింద ఒక్క మెతుకు పడేది కాదు. బట్టలు నలిగేవి కావు. తనిఖీకి వచ్చిన పెద్దలు చూసి మెచ్చుకున్నారు కూడా. అయితే గిన్నెల్లో మిగులు ఎక్కువగా ఉండేది. పిల్లలు నోట్లో ముద్ద పెట్టుకుని మింగకుండా గంటసేపు బుగ్గలో దాచేవాళ్లు. కొందరు పళ్లెం చూడగానే ఏడుపు మొదలుపెట్టేవాళ్లు.

అందులో రెండేళ్ల బాబు ఒకడు. తల్లి నాలుగిళ్లలో పని చేస్తుంది, తండ్రి ఆటో నడుపుతాడు. వాడు నోరు తెరవాలంటే ఫోన్‌లో బొమ్మలు కదలాలి. ఫోన్ లేకపోతే పది రూపాయల ప్యాకెట్ కావాలి. వాళ్లమ్మ ఒకరోజు, "వాడి నోరు తెరిపించడం కన్నా ఇంకో ఇంట్లో అంట్లు తోమడం నయం టీచర్" అని ఏడ్చింది. మేము ఆమెకు పోషకాహారం గురించి పావుగంట పాఠం చెప్పి పంపించాం. పాపం, ఆమె విని వెళ్లింది. బాబు మాత్రం తినలేదు.

ఒకరోజు ఆయమ్మ రాలేదు. పొయ్యి దగ్గర ఒకరే, పిల్లల దగ్గర ఒకరే మిగిలాం. ఆ పూట ఉగ్గాని చేద్దామనుకున్నాం. మన కర్నూలు వైపు ఉగ్గాని అంటే తెలియనివాళ్లు లేరు. బొరుగులు నీళ్లలో నానబెట్టి, పిండి తీసి, తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లడమే. పిల్లలు అల్లరి చేస్తుంటే వేరే దారి లేక, వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి వాళ్ల మధ్యలో పెట్టి, చేతులు కడిగించి, "బొరుగులు వేయండి, మెత్తబడ్డాక పిండండి" అన్నాం. నీళ్లు నేలంతా అయ్యాయి. నాలుగు చొక్కాలు తడిశాయి. కానీ అల్లరి ఆగిపోయింది. బొరుగులు నీటి మీద తేలడం, తర్వాత మెత్తబడడం, గుప్పిట్లో పిండితే నీళ్లు కారడం, ఇదంతా వాళ్లు కళ్లార్పకుండా చూశారు. పచ్చిమిర్చి లేకుండా తాలింపు పెట్టి తెచ్చేసరికి ఆ బాబు గిన్నె వైపు వేలు చూపించి "నాది" అన్నాడు. ఆ పూట వాడు ఎవరూ పెట్టకుండా తన చేత్తో తిన్నాడు. ఫోన్ అడగలేదు.

మాకు సంతోషం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఎందుకంటే మేము బి.ఎడ్. చదివినవాళ్లం. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో మొదటి శిశు గృహం తెరిచారనీ, అక్కడ పసిపిల్లలే బల్లలు సర్ది, గిన్నెలు మోసి, తోటివాళ్లకు భోజనం వడ్డించేవాళ్లనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి ఆ దారిలోనే నడిచారనీ చదివాం. అంత చదివీ మా పిల్లల చేతికి ఒక చిన్న చెంబు కూడా ఇవ్వలేదు.

ఇది ఒక పిల్లవాడి మారాం గురించిన మాట కాదని మీకు చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో అది 63 శాతం. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నవాళ్లు దేశం మొత్తం మీద 11 శాతమే. ఇందులో పేదరికం పాలు ఉంది, కాదనలేం. కానీ ఇంట్లో పప్పు ఉండి, గుడ్డు ఉండి, ఆకుకూర ఉండి కూడా బిడ్డ కడుపులోకి పోని సందర్భాలు మేము రోజూ చూస్తున్నాం. సరుకు కొనడానికి దాతలు ఉన్నారు. వండడానికి మనుషులు ఉన్నారు. గిన్నెకూ నోటికీ మధ్య ఉన్న జానెడు దూరం దగ్గరే అంతా ఆగిపోతోంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. కొన్ని ఊళ్లలో తల్లులకు ఏం పెట్టాలో చెప్పారు. మరికొన్ని ఊళ్లలో దానితోపాటు బిడ్డ సైగలు గమనించి ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. ఈ రెండో రకం ఊళ్లలోని పిల్లలు పదిహేను నెలల వయసుకు మానసిక వికాసంలో మెరుగ్గా ఉన్నట్లు తేలింది. అది వంటపని గురించిన అధ్యయనం కాదు. కానీ ఏం పెడుతున్నామన్న దానితోపాటు ఎలా పెడుతున్నామన్నది కూడా బిడ్డ బుద్ధికి ఆహారమేనని అది చెబుతోంది.

ఇక పసిపిల్లలు నిజంగా ఏం చేయగలరు? మా అనుభవంలో తేలిన మాటలు చెబుతాం. ఇవి మీ మనవళ్లకూ, మనవరాళ్లకూ పనికొస్తాయి.

ఏడాదిన్నర బిడ్డ పెద్దగా ఏమీ చేయలేడు, కానీ పక్కన కూర్చోగలడు. ఉల్లిపాయలు ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి వేస్తాడు. టమాటా చేతికిస్తే కడుగుతాడు. కొత్తిమీర వాసన చూపిస్తే ముక్కు ముడుచుకుంటాడు. అదే వాడి మొదటి పాఠం. రెండేళ్లు వచ్చేసరికి గోంగూర ఆకులు తుంచుతాడు, కరివేపాకు రెబ్బ దూస్తాడు, ఉడికిన బంగాళాదుంపను గిన్నెలో వేసిస్తే గుప్పిట్లో మెదుపుతాడు. రెండున్నర, మూడేళ్లకు ఉడికిన గుడ్డు పెంకు తీస్తాడు, నిమ్మచెక్క పిండుతాడు, మజ్జిగలో చిన్న కవ్వం తిప్పుతాడు, సేమియా పుల్లలు విరుస్తాడు. అంగన్‌వాడీ వాళ్లు ఇచ్చే బాలామృతం పిండిలో కాస్త గోరువెచ్చని పాలు కలిపి ఇస్తే ఉండలు చుడతాడు. ఒకటి రేగిపండంత, ఒకటి నిమ్మకాయంత ఉంటుంది. పరవాలేదు. పక్కన అమ్మ జొన్నరొట్టె తడుతుంటే వాడికీ గోలీకాయంత పిండి ఇవ్వండి. వాడి రొట్టె ఏ ఆకారంలో వచ్చినా కాల్చి వాడికే పెట్టండి.

ఈ పనుల్లో చదువు ఎక్కడ ఉందని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. కరివేపాకు దూసే బొటనవేలూ చూపుడువేలూ రేపు బలపం పట్టుకునేవే. "ఒక గుడ్డు నీకు, ఒక గుడ్డు చెల్లికి" అన్నప్పుడు లెక్క మొదలైంది. పచ్చిది, ఉడికింది, వేడి, చల్లన, పులుపు, తీపి అన్న మాటలు ఏ వాచకమూ ఇంత బాగా నేర్పలేదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు వినే మన పిల్లలకు ఇదొక మేలు. "ప్యాజ్" అన్నదీ "ఉల్లిపాయ" అన్నదీ ఒకటేనని చేతిలో పట్టుకున్నాక మళ్లీ చెప్పనక్కర్లేదు.

వండడం తర్వాత తినడం. మా దగ్గర ఇప్పుడు దస్తర్‌ఖాన్ పరిచేది పిల్లలే. నాలుగు మూలలు నలుగురు పట్టుకుంటారు. చిన్న స్టీలు గ్లాసులు వరుసగా పెడతారు. చేతులు కడుక్కుని వచ్చి బిస్మిల్లా అంటారు. నోరు సరిగ్గా తిరగనివాళ్లు "మిల్లా" అంటారు, అల్లాహ్‌కు అదీ వినపడుతుంది. వడ్డించేటప్పుడు ముందు రెండు చెంచాలే వేస్తాం, కావాలంటే అడిగి వేయించుకోవాలి. కొత్త కూరైతే వేలితో ముట్టుకున్నా చాలంటాం. ఒక కొత్త రుచిని పసివాడు ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు చూపించాల్సి రావచ్చు. మూడోసారికే "వీడికి పాలకూర పడదు" అని తీర్మానించేది మనమే. ఎంత పెట్టాలి, ఏం పెట్టాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలి అన్నది బిడ్డ కడుపుకే వదిలేయాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. ప్రవక్త (స) సంరక్షణలో పెరిగిన ఉమ్మె సలమా (ర) గారి కుమారుడు ఉమర్ బిన్ అబీ సలమా (ర) పిల్లవాడిగా ఉన్నప్పటి సంగతి మీకందరికీ తెలిసిందే. భోజనం వేళ ఆ పిల్లవాడి చెయ్యి పళ్లెమంతా తిరుగుతుంటే ప్రవక్త (స) ఆ చెయ్యి పట్టి లాగలేదు, పక్కకు లేపి కూర్చోబెట్టలేదు. బిస్మిల్లా అనడం, కుడిచేత్తో తినడం, తన ముందున్నది తినడం, ఈ మూడు మాటలు నేర్పారు. పిల్లవాడు పెద్దల పళ్లెం దగ్గరే కూర్చున్నాడని మనం గమనించాలి. పక్కగదిలో ఫోన్ ముందు కూర్చుని ఉంటే ఆ మూడు మాటలు ఎవరు చెప్పేవారు? ఎప్పుడు చెప్పేవారు?

పిల్లల్ని వంట దగ్గరికి రానివ్వమంటున్నాం గనుక జాగ్రత్తలు కూడా గట్టిగా చెప్పాలి. పొయ్యి ఉన్న గది గడప మా పిల్లలు దాటరు. వాళ్ల పనంతా వరండాలో, నేల మీద. కత్తి, కత్తిపీట, మిక్సీ వాళ్ల దరిదాపుల్లో ఉండవు. వేడి చారు, టీ గిన్నె పిల్లల తలల మీదుగా తీసుకెళ్లకూడదు. పచ్చిమిర్చి, కారం వాళ్ల చేతికి అసలు ఇవ్వం, ఆ చెయ్యి కంట్లోకి పోతుంది. బక్రీద్ రోజుల్లో పచ్చి మాంసం దగ్గరికి పసివాళ్లను పోనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, గొంతులో అడ్డుపడేవి. వేరుశనగ గింజలు, శనగలు, పచ్చి క్యారెట్ ముక్కలు, గుండ్రటి ద్రాక్షపళ్లు నాలుగేళ్ల లోపు పిల్లలకు అలాగే ఇవ్వకూడదు. వేరుశనగ పొడి చేసి కలపండి. ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేయండి. ఖర్జూరం గింజ, చింతగింజ పెద్దవాళ్లే తీసి దూరంగా పారేయాలి. తింటూ పరుగెత్తనివ్వకూడదు. పిల్లలు తింటున్నంతసేపూ ఒక పెద్ద మనిషి వాళ్లను చూస్తూ ఉండాలి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మాకు ఎదురైన అభ్యంతరాలు కూడా దాచకుండా చెబుతాం. ఒక పాప దాదీ వచ్చి దస్తర్‌ఖాన్ మీద పడిన మెతుకులు చూసి కోప్పడింది. "రిజ్ఖ్‌ను ఇలా కింద పోయిస్తారా? మీ చదువు ఇదేనా?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. పస్తులెరిగిన మనిషి ఆమె. మేము ఎదురు చెప్పలేదు. ఆమెనే కూర్చోబెట్టి, పడిన మెతుకు ఎలా ఏరుకోవాలో పిల్లలకు చూపించమన్నాం. ఆమె ఒక్కొక్క మెతుకూ ఏరి నోట్లో వేసుకుంటుంటే పిల్లలంతా చుట్టూ చేరి చూశారు. అప్పటినుంచి దస్తర్‌ఖాన్ ఉతికి ఆరేసినదే పరుస్తున్నాం, తక్కువ వడ్డిస్తున్నాం, పడినది పిల్లలే ఏరుకుంటున్నారు. పైగా బుగ్గలో దాచి ఉమ్మేసే అన్నం తగ్గింది గనుక మొత్తం మీద చెత్తబుట్టలోకి పోయేది ఇప్పుడే తక్కువ. ఆ దాదీ అప్పుడప్పుడూ వచ్చి మా పిల్లల మధ్య కూర్చుంటుంది.

ఇంకో అభ్యంతరం, మగపిల్లలతో ఇవేం పనులని. ఒక తండ్రి మాతో గట్టిగానే వాదించాడు. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివాళ్ల పనుల్లో సాయపడేవారని ఆయిషా (ర) గారు చెప్పిన సంగతి గుర్తుచేశాం. అంతకంటే మేమేమీ చెప్పలేదు. పోయిన రంజాన్‌లో ఆయన కొడుకు ఇఫ్తార్‌కు గింజలు తీసిన ఖర్జూరాలు పళ్లెంలో సర్ది, రెండు చేతులతో పట్టుకుని, వణుకుతూ, తాతగారి ముందు తీసుకెళ్లి పెట్టాడట. ఆ సంగతి మాకు ఆ తండ్రే చెప్పాడు.

రంజాన్ మాట వచ్చింది గనుక ఒక చిన్న విన్నపం. పెద్దలంతా ఉపవాసం ఉన్న ఇంట్లో పసివాళ్ల మధ్యాహ్న భోజనం పొద్దుటి మిగులుతోనో బిస్కెట్‌తోనో గడిచిపోతుంది. ఉపవాసం ఉన్న తల్లికి ఓపిక ఉండదు, తప్పు పట్టలేం. ఇంట్లో ఇంకెవరైనా ఆ పూట పిల్లల పక్కన కూర్చుంటే చాలు.

ఇక, పనికి పోయే తల్లికి ఇంత తీరిక ఎక్కడిదని మీరు అడగవచ్చు. మేము ఆ తల్లుల్ని రోజూ ఇలా చేయమనడం లేదు. వారానికి ఒక్కసారి, శుక్రవారమో ఆదివారమో, ఒక్క పని బిడ్డ చేతికివ్వమంటున్నాం. తినేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టమంటున్నాం. మిగతా రోజుల బాధ్యత మాది. అందుకే కదా శిశు విభాగం ఉన్నది.

ఆ బాబు సంగతి అడుగుతారు గనుక చెబుతాం. అద్భుతాలేమీ జరగలేదు. పాలకూర ఇప్పటికీ పక్కకు తోసేస్తాడు. ఇంట్లో ఫోన్ పూర్తిగా మానలేదు. కానీ పప్పన్నం, గుడ్డు, ఖిచిడీ తన చేత్తో తింటున్నాడు. వాళ్లమ్మ ఈమధ్య వచ్చి, "రాత్రి నేను పనినుంచి వచ్చి కూర్చుంటే నా ముందు గ్లాసు తెచ్చి పెట్టాడు టీచర్. ఎవరూ చెప్పలేదు" అంది. ఆమె ఆ రోజు కూడా ఏడ్చింది. మేము ఈసారి పాఠమేమీ చెప్పలేదు.

దాతలారా, దీనికి పెద్ద ఖర్చు లేదు. చిన్న గ్లాసులు, చిన్న చెంబులు మీరిచ్చిన సొమ్ముతోనే కొన్నాం. పిల్లలు బట్టల మీద కట్టుకునే గుడ్డలు పాత దుపట్టాలతో మా టీచర్లే కుట్టారు. పిల్లల ఎత్తుకు అందే కుళాయి ఒక సోదరుడు వచ్చి తన చేత్తో బిగించి, కూలి తీసుకోకుండా వెళ్లాడు. మాకు ఇప్పుడు లోటు మనిషిదే. ఇరవై మంది పసివాళ్లు తింటుంటే వాళ్లను చూస్తూ ఉండడానికి రెండు జతల కళ్లు సరిపోవు. ఆయమ్మ సెలవు పెట్టిన రోజు మేము భయపడి మళ్లీ పాత పద్ధతిలో ముద్దలు పెట్టేస్తున్నాం. నిజం చెప్పాలి కదా, నెలలో రెండు మూడు రోజులు అలాగే జరుగుతోంది. ఇంకొక ఆయమ్మ జీతం ఒక ఏడాదికి ఎవరైనా ఒకరో, నలుగురు కలిసో భరిస్తే ఆ రోజులు ఉండవు. ఆమె జీతానికి రసీదు ఇవ్వగలం గానీ ఫలితాల పట్టిక ఇవ్వలేం. ఎప్పుడైనా మధ్యాహ్నం పన్నెండున్నరకు ముందుగా చెప్పకుండా రండి. పిల్లలతోపాటు కింద కూర్చోండి. మీ ముందు గ్లాసు పెట్టేది ఒక రెండేళ్ల బిడ్డ అవుతుంది. సగం నీళ్లు ఒలికిపోతాయి. మిగతా సగం మీరు తాగి చూడండి.

మన బిడ్డల చేతులకు పని, కడుపులకు అన్నం, నోళ్లకు కృతజ్ఞత అల్లాహ్ ప్రసాదించాలని, మీ దానాలను స్వీకరించాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.